పాట కట్టినవాడు

(ప్రసంగ పాఠం)

పాశ్చాత్య సంగీతంతో కొద్దిపాటి పరిచయం ఉన్నవారు కూడ "బ్లూ స్వేడ్ షూస్" అన్న పాట పేరు వినియే ఉంటారు. ఒక జత నీలి జోళ్లను గురించిన పాట అది. స్వేడ్ అనగా నూగు పైకి తేలేటట్లు రుద్ది తయారుచేసిన మెత్తని తోలు. దానిమీద మరక పడితే ఒక పట్టాన పోదు. అందుచేత ఆ జోళ్లు తొడిగినవాడు నేలమీద అడుగు వేయడానికి కూడ సంకోచిస్తాడు. ఈ పాట ఎవరిదని అడిగితే చాలమంది తడుముకోకుండా ఎల్విస్ ప్రెస్లీ పేరు చెబుతారు. ఆ జవాబు పూర్తిగా తప్పు కాదు. ప్రెస్లీ దానిని పాడినాడు, లోకం విన్నది. అయితే ఆ పాట కట్టినవాడు, తొలిసారి పాడినవాడు, ఆ తొలి రికార్డును పది లక్షల ఇళ్లకు పైగా చేర్చినవాడు వేరొకడు. అతని పేరు కార్ల్ పెర్కిన్స్.

"సొమ్మొకడిది, సోకొకడిది" అని మనలో ఒక సామెత ఉన్నది. పెర్కిన్స్ కథ చెప్పేవారు సాధారణంగా ఈ ధోరణిలోనే చెబుతారు. చేతికి అందిన ముద్ద నోటికి అందకుండా పోయిన దురదృష్టవంతుడుగా అతనిని వర్ణిస్తారు. ఈ పూట నేనూ ఆ కథనే చెప్పబోతున్నాను. కాని కథంతా విన్న తరువాత, ఆ సామెత అతనికి సరిపోతుందో లేదో మీరే తేల్చుకోవాలని నా మనవి.

పెర్కిన్స్ 1932 వ సంవత్సరం ఏప్రిల్ 9 వ తేదీన, అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని టెనెసీ రాష్ట్రంలో, మిసిసిపీ నదికి సమీపాన ఉన్న టిప్టన్‌విల్ అనే చిన్న ఊరివద్ద జన్మించినాడు. తండ్రి పేరు బక్, తల్లి పేరు లూయీజ్. వారికి సెంటు భూమి లేదు. పరుల పత్తిచేలను పాలుకు తీసుకొని సాగు చేసేవారు. అటువంటి సేద్యగాళ్లు విత్తనాలు మొదలు ఇంటి వెచ్చాల వరకు అప్పుమీద తెచ్చుకొని, పంట వచ్చిన తరువాత భూస్వామితో లెక్క చూసుకోవడం ఆ ప్రాంతపు ఆనవాయితీ. లెక్క తేలేసరికి సేద్యగానికి మిగిలేది అత్యల్పం. కార్ల్ ఆరేండ్ల ప్రాయంలోనే చేనిలోకి దిగినాడు. వేసవి దినాలలో పన్నెండు, పదునాలుగు గంటలు పని. అన్న జే, తాను ఇద్దరూ కలిసి రోజల్లా కష్టపడితే వచ్చే కూలి 50 సెంట్లు, అనగా అర డాలరు.

ఆ రోజులలో ఆ దేశపు దక్షిణ రాష్ట్రాలలో తెల్లవారికీ నల్లవారికీ బడులు వేరు, చర్చీలు వేరు, రైలుపెట్టెలు వేరు. కాని పేదరికం ఉభయులనూ ఒకే చేనిలో ప్రక్కప్రక్క సాళ్లలో నిలబెట్టినది. పెర్కిన్స్ కుటుంబం పనిచేసే చేలలో కూలీలు ఎక్కువమంది నల్లజాతివారే. పత్తి తీస్తూ వారు భక్తిగీతాలు పాడేవారు. ఒక గొంతు ఎత్తుకొనేది, సాలంతా అందుకొనేది. ఆ పాటకు వాద్యం లేదు, కాగితం లేదు. వంగిన నడుముల కదలికే తాళం. పగలంతా ఆ బాలుని చెవులలో పడిన సంగీతం అది.

శనివారం రాత్రి మరొక సంగీతం వినిపించేది. బక్ పెర్కిన్స్ ఇంటిలో ఒక రేడియో ఉండేది. నాష్‌విల్ నగరంలోని డబ్ల్యు.యస్.యం. కేంద్రం "గ్రాండ్ ఓల్ ఆప్రీ" అనే కార్యక్రమాన్ని 1925 నుండి ప్రసారం చేస్తున్నది. కొండప్రాంతాల పల్లెటూరి పాటలు, ఫిడేలు, బాంజో, గిటారు వాద్యాలు అందులో వినిపించేవి. రాయ్ ఎకఫ్, బిల్ మన్రో వంటి గాయకులు ఆ కార్యక్రమం ద్వారానే పల్లెపల్లెకు పరిచితులైనారు. పగలు చేనిలో విన్న నల్లవారి పాట, రాత్రి రేడియోలో విన్న తెల్లవారి పల్లెపాట, ఈ రెండూ ఒకే పిల్లవాని మనస్సులో కలిసిపోయినవి. పిమ్మట ప్రపంచం "రాకబిల్లీ" అని పేరు పెట్టిన సంగీతానికి మూలం ఈ కలయికయే.

రేడియోలో గిటారు విన్న కార్ల్, తనకూ ఒకటి కావాలని మారాము చేసినాడు. కొనే శక్తి లేని తండ్రి ఒక చుట్టల పెట్టెకు చీపురు కర్రను బిగించి బొమ్మ గిటారు చేసి ఇచ్చినాడు. కొంతకాలానికి, డబ్బు అవసరమైన ఒక ఇరుగుపొరుగు మనిషి తన సొట్టలు పడిన పాత గిటారును రెండు డాలర్లకు అటూయిటుగా అమ్మగా, బక్ దానిని కొని కొడుకు చేతిలో పెట్టినాడు. ఆ గిటారును వాయించడం నేర్పిన గురువు ఎవరంటే, అదే చేనిలో పత్తి తీసే జాన్ వెస్ట్‌బ్రూక్ అనే అరువదేండ్లు దాటిన నల్లజాతి కూలి. అందరూ అతనిని "అంకుల్ జాన్" అనేవారు. ప్రొద్దు గ్రుంకిన తరువాత తన అరుగుమీద కూర్చుండి, తన పాత గిటారుపై బ్లూస్ పాటలు వాయించేవాడు. వాద్యంమీదికి వంగి దగ్గరగా ఆనించుకొమ్మని, తీగె కదలిక తలలోనుండి గుండెలోకి దిగేటట్లు విని వాయించమని ఆ వృద్ధుడు పిల్లవానికి బోధించినాడు. సంగీతశాస్త్రం చదువని ఆ గురువు చేసిన ఉపదేశం ఇంతే. పెర్కిన్స్ దానిని జన్మాంతం మరువలేదు.

తీగెలు తెగితే క్రొత్తవి కొనడానికి డబ్బులు ఉండేవి కావు. తెగిన తీగెనే ముడివేసి మళ్లీ బిగించుకొనేవాడు. వ్రేలిని తీగెమీదుగా జార్చితే ముడి తగిలి చర్మం కోసుకొనేది. అందువల్ల జార్చడానికి బదులు ఉన్నచోటనే తీగెను ప్రక్కకు నొక్కి, స్వరాన్ని వంచి పైకి లాగడం అలవాటు చేసుకొన్నాడు. తరువాతి కాలంలో ఎందరో యువకులు రికార్డులముందు కూర్చుండి నేర్చుకొన్న అతని వాదనశైలిలో ఈ వంపు ఒక ముఖ్యలక్షణం. లేమి నేర్పిన విద్య అది.

కుటుంబం జాక్సన్ పట్టణ ప్రాంతానికి తరలివచ్చినది. 1946 చివర, కార్ల్‌కు పదునాలుగేండ్లు ఉండగా, అన్నదమ్ములు కార్ల్, జే ఒక రహదారి ప్రక్కన ఉన్న మద్యశాలలో పాడడం మొదలుపెట్టినారు. జీతం లేదు, వినేవారు దయతలచి వేసే చిల్లరే ప్రతిఫలం. తమ్ముడు క్లేటన్ నిలువెత్తు బాస్ వాద్యం పట్టినాడు. కొన్నాళ్లకు హాలండ్ అనే మిత్రుడు డ్రమ్ములు వాయించడానికి చేరినాడు. త్రాగి తగవులాడుకొనే జనం మధ్య పాట నిలవాలంటే వేగం ఉండాలి, కాళ్లు కదిలించే తాళం ఉండాలి. బిల్ మన్రో నిదానంగా పాడిన పాటను కూడ వీరు పరుగెత్తించి పాడేవారు. పగలు మాత్రం బ్రతుకుతెరువు వేరు. పత్తిచేను వదలిన తరువాత కార్ల్ ఒక రొట్టెల కర్మాగారంలో మూసలకు నూనె పూసే పనిలో కుదిరినాడు. 1953 జనవరిలో వాల్డా అనే యువతిని వివాహమాడినాడు. కర్మాగారంలో పని తగ్గినప్పుడు, దిగులుపడక పూర్తిగా పాటనే నమ్ముకొమ్మని భర్తకు ధైర్యం చెప్పినది ఆమెయే.

1954 వ సంవత్సరం వేసవిలో ఒకనాడు ఆ ఇంటి రేడియో ఒక వార్త తెచ్చినది. మెంఫిస్ నగరంలో క్రొత్తగా వెలువడిన ఒక రికార్డు మ్రోగుతున్నది. బిల్ మన్రో పాటనే ఎవరో యువకుడు వేగంగా, ఉల్లాసంగా పాడుతున్నాడు. అతడు ఎల్విస్ ప్రెస్లీ. ఇది అచ్చం మీ పాటవలె ఉన్నదని వాల్డా భర్తతో అన్నది. కార్ల్‌కు కలిగిన భావం అసూయ కాదు, ఊరట. తాము మద్యశాలలో చేస్తున్న పని వెర్రి కాదని, దానిని అర్థం చేసుకొనేవాడు ఒకడు మెంఫిస్‌లో ఉన్నాడని అతడు గ్రహించినాడు. ఆ రికార్డు వెలువరించిన సంస్థను వెతుక్కుంటూ అక్టోబరులో అన్నదమ్ములు మెంఫిస్ చేరినారు.

ఆ సంస్థ పేరు సన్ రికార్డ్స్. యజమాని శామ్ ఫిలిప్స్. ఒక చిన్న గది, కొద్దిపాటి యంత్రాలు, అంతకు మించి ఏమీ లేదు. నల్లవారి బ్లూస్ పాటలను ఎన్నింటినో రికార్డు చేసిన అనుభవం అతనిది. క్రొత్తవారిని వినే తీరిక లేదని మొదట వాకిటనే చెప్పి పంపినా, పెర్కిన్స్ సోదరులు కదలక యజమాని వచ్చేవరకు కాచుకొన్నారు. అతడు విన్నాడు. 1955 మార్చిలో కార్ల్ తొలి రికార్డు వెలువడినది. అందులోని "మూవీ మ్యాగ్" పాట, ప్రియురాలిని కంచరగాడిదపై ఎక్కించుకొని సినిమాకు తీసుకొని పోవాలని కలలుగనే పల్లెటూరి కుర్రవానిది. కార్ల్ దానిని పదునాలుగేండ్ల ప్రాయంలోనే కట్టినాడట.

ఇక్కడ "రాకబిల్లీ" అన్న మాటను కొంచెం వివరించాలి. నల్లవారి తాళప్రధానమైన "రాక్", కొండపల్లె తెల్లవారిని వెక్కిరిస్తూ పట్టణవాసులు వాడే "హిల్‌బిల్లీ", ఈ రెండు మాటల జంట అది. వాద్యాలు చాల తక్కువ. గిటారు, లయకు మరొక గిటారు, తీగెను లాగి పలకకు కొట్టి వాయించే బాస్ వాద్యం, కొన్ని వేళల డ్రమ్ములు. సన్ సంస్థ రికార్డులలో దీనికి తోడుగా ఒక యంత్ర చమత్కారం వినిపిస్తుంది. గాయకుని కంఠం ఒక టేపు యంత్రంలో నమోదవుతుండగా, అదే ధ్వని రెండవ యంత్రం టేపుమీదుగా రెప్పపాటు ఆలస్యంగా వచ్చి మొదటిదానితో కలుస్తుంది. దానివల్ల పాటకు నూతిలో పలికినట్లు ఒక చిన్న ప్రతిధ్వని ఏర్పడుతుంది. నలుగురు మనుషుల వాద్యం పదిమంది వాద్యంవలె నిండుగా వినిపించడానికి ఇది కారణం.

1955 నవంబరులో ఫిలిప్స్ తన ధనావసరాల దృష్ట్యా ప్రెస్లీ ఒప్పందాన్ని ఆర్.సి.ఎ. అనే పెద్ద కంపెనీకి 35,000 డాలర్లకు విక్రయించినాడు. అంతవరకు కార్ల్‌చేత నిదానమైన పల్లెపాటలే ఎక్కువగా పాడించిన ఫిలిప్స్, ఇక నీ ఇష్టమైన వేగంతో పాడుకొమ్మని స్వేచ్ఛ ఇచ్చినాడు. సరిగా ఆ సమయానికే నీలి జోళ్ల పాట పుట్టినది. తోటి గాయకుడు జానీ క్యాష్, తాను వైమానిక దళంలో ఉన్నప్పుడు తన బూట్ల సోకును గురించి మురిసిపోయే ఒక సైనికుని కథ చెప్పి, దానిమీద పాట కట్టమన్నాడు. బూట్లమీద పాట ఏమిటని కార్ల్ కొట్టిపారేసినాడు. డిసెంబరులో ఒక రాత్రి తాను వాయిస్తున్న నృత్యశాలలో ఒక యువకుడు, తన జోళ్లకు కాలు తగిలినదని ప్రక్కనున్న చక్కని పిల్లను కసురుకోవడం అతని కంట పడినది. అంత అందమైన పిల్లకన్న వీడికి జోళ్లు ఎక్కువైనవా అని ఆశ్చర్యపోయినాడు. ఇంటికి పోయి పడుకొన్నా నిద్ర పట్టలేదు. అర్ధరాత్రి దాటిన తరువాత లేచి, కాగితం దొరకక, బంగాళాదుంపలు తెచ్చిన గోధుమరంగు సంచిని ఖాళీ చేసి దానిమీద పాట వ్రాసినాడు. "స్వేడ్" అన్న మాటకు అక్షరక్రమం కూడ అతనికి సరిగా రాలేదు.

డిసెంబరు 19 వ తేదీన రికార్డు చేసినారు. 1956 జనవరి 1 వ తేదీన పాట వెలువడినది. అమెరికాలో ఆనాడు పాటల జనాదరణను మూడు వేర్వేరు పట్టికలలో లెక్కించేవారు. పట్టణాల తెల్లవారి పాటలకు ఒకటి, పల్లెపాటలకు ఒకటి, నల్లవారి పాటలకు ఒకటి. చేనులో ఒకటైన సంగీతాన్ని అంగడిలో మూడుగా విడదీసినారు. పెర్కిన్స్ పాట ఆ మూడు పట్టికలలోను అగ్రభాగానికి ప్రాకినది. సన్ సంస్థ రికార్డులలో పది లక్షల ప్రతులు అమ్ముడుపోయిన మొదటిది అదే. మూసలకు నూనె పూసిన ఇరువదిమూడేండ్ల యువకునికి న్యూయార్క్ నగరంనుండి పిలుపు వచ్చినది. పెరీ కోమో అనే ప్రసిద్ధ గాయకుని టెలివిజన్ కార్యక్రమంలో మార్చి 24 వ తేదీన పాడవలసి ఉన్నది.

మార్చి 22 వ తేదీ తెల్లవారకముందు, డెలవేర్ రాష్ట్రంలో డోవర్ పట్టణ సమీపాన, వారి కారు ముందు పోతున్న ఒక చిన్న సరకుల బండిని వెనుకనుండి ఢీకొన్నది. ఆ బండి నడుపుతున్న వ్యవసాయదారుడు మరణించినాడు. పెర్కిన్స్ కారులోనుండి విసిరివేయబడి ప్రక్క గుంటలోని నీటిలో బోర్లపడిపోయినాడు. డ్రమ్ములు వాయించే హాలండ్ చూచి వెల్లకిల త్రిప్పకపోతే, మూరెడు లోతులేని ఆ నీటిలోనే ప్రాణం పోయేది. మెడలోని మూడు వెన్నుపూసలు చిట్లినవి, తలకు బలమైన గాయం తగిలినది. అన్న జే మెడ కూడ విరిగినది. ప్రెస్లీ తంతి పంపినాడు. అతని వాద్యగాండ్రు స్వయంగా ఆసుపత్రికి వచ్చి చూచి పోయినారు.

ఏప్రిల్ 3 వ తేదీ రాత్రి, ఇంకా కోలుకుంటున్న పెర్కిన్స్ జాక్సన్‌లో టెలివిజన్ ముందు ఉండగా, ఎల్విస్ ప్రెస్లీ మిల్టన్ బెర్ల్ కార్యక్రమంలో నీలి జోళ్ల పాట పాడినాడు. కథకులకు ఇంతకన్న కరుణరసం ఏమి కావాలి? అందుచేత, ప్రమాదం జరగకపోతే ప్రెస్లీ అంతటి కీర్తి పెర్కిన్స్‌కే దక్కేదని పలువురు వ్రాసినారు. కాని తేదీలు చూస్తే సంగతి అంత సులభంగా లేదు. ప్రెస్లీ ఆ పాటను జనవరి 30 వ తేదీననే రికార్డు చేసినాడు. ఫిబ్రవరిలోనే టెలివిజన్‌లో పాడినాడు. అయితే పెర్కిన్స్ రికార్డు అమ్మకానికి అడ్డు రాకూడదని, తన పాటను వెంటనే విడి రికార్డుగా విడుదల కానీయలేదు. తరువాత విడుదలైనప్పుడు అది పెర్కిన్స్ రికార్డు ఎక్కిన మెట్టువరకు ఎక్కనూ లేదు. నిజానికి ఆ సంవత్సరం ఆ పాట పోటీలో గెలిచినవాడు పెర్కిన్సే. కాలం గడిచినకొలది రికార్డుల లెక్కలు మరుగునపడి, ప్రెస్లీ ముఖం మాత్రం జనం కన్నులలో నిలిచిపోయినది.

దీనిని గురించి అడిగినవారితో పెర్కిన్స్ ఎన్నడూ నిష్ఠురంగా మాట్లాడలేదు. ప్రెస్లీకి రూపం ఉన్నది, ఒడుపు ఉన్నది, నడిపించే నేర్పరి ఉన్నాడు, వీటన్నిటితోపాటు ప్రతిభ ఉన్నదని, తనబోటివారికి ముఖసౌందర్యం తక్కువేనని నవ్వుతూ అనేవాడు. ఏప్రిల్ నెలాఖరులోపే మళ్లీ వేదిక ఎక్కినాడు. తప్పిపోయిన పెరీ కోమో కార్యక్రమంలో మే నెలలో పాడినాడు కూడ. 1956 డిసెంబరు 4 వ తేదీన సన్ స్టూడియోలో "మ్యాచ్‌బాక్స్" మొదలైన పాటలు రికార్డు చేస్తుండగా ప్రెస్లీ అనుకోకుండా వచ్చినాడు. ఆనాడు పియానో వాయించినది జెర్రీ లీ లూయిస్. జానీ క్యాష్ కూడ చేరినాడు. నలుగురూ కూర్చుండి చిన్ననాటి భక్తిగీతాలు పాడుకొన్నారు. పోటీదారులని లోకం అనుకొనేవారు ఆ సాయంకాలం చర్చి పాటలు పంచుకొన్న పల్లెటూరి కుర్రవాండ్రు.

అసలు దెబ్బ కీర్తి పోవడం కాదు. ప్రమాదంనుండి పూర్తిగా కోలుకోని అన్న జే 1958 లో మెదడులో కంతి లేచి మరణించినాడు. చేనిలో తోడుగా నడచినవాడు, మద్యశాలలో ప్రక్కన నిలిచి లయ పట్టినవాడు వెళ్లిపోయినాడు. అంతకుముందే మద్యానికి అలవాటుపడిన కార్ల్, ఆ దుఃఖంలో దానికి బానిస అయినాడు. పెద్ద కంపెనీకి మారినా పాటలు పైకి రాలేదు. కాలం కూడ మారినది. మద్యశాలలో మొదలైన జీవితం మద్యంలోనే ముగుస్తుందేమో అన్న స్థితి వచ్చినది.

1964 లో చక్ బెర్రీతో కలిసి ఇంగ్లండులో పర్యటించడానికి పిలుపు వచ్చినది. తనను ఎవరు గుర్తుంచుకొన్నారని సందేహిస్తూనే పోయినాడు. అక్కడ ఒక విందులో నలుగురు యువకులు అతని చుట్టూ నేలమీద కూర్చుండి, ఈ స్వరం ఎట్లా పలికించినావు, ఆ పాట ఎట్లా ఎత్తుకొన్నావు అని ప్రశ్నలు వేసినారు. వారు ప్రపంచాన్ని ఉఱ్ఱూతలూగిస్తున్న బీటిల్స్. వారిలో జార్జి హారిసన్, 1960 లో ఒక పర్యటనకు తన పేరును కార్ల్ హారిసన్ అని మార్చుకొన్నంత అభిమాని. పెర్కిన్స్ పాటలు పాడుకోవడానికి వారు అనుమతి అడిగినారు. అతడు సంతోషంగా ఒప్పుకొన్నాడు. జూన్ 1 వ తేదీన లండన్ స్టూడియోలో వారు "మ్యాచ్‌బాక్స్" రికార్డు చేస్తుండగా తాను అక్కడనే ఉన్నాడు. ఆ సంవత్సరంలోనే అతని పాటలు మూడింటిని బీటిల్స్ రికార్డులుగా తెచ్చినారు. రికార్డు ఎవరు చేసినా పాట కట్టినవానికి కొంత భాగం చెల్లుతుంది కనుక, అవి అతని ఇంటికి అన్నం కూడ పెట్టినవి. మరల ఒకసారి అతని పాటను ఇతరులు పాడినారు. ఈసారి అందువల్లనే అతని పేరు నిలిచినది.

స్వదేశంలో అతనికి ఆసరా ఇచ్చినవాడు జానీ క్యాష్. 1960 ల మధ్యనుండి సుమారు పదేండ్లు పెర్కిన్స్ అతని బృందంలో గిటారు వాయించినాడు. ఒకనాడు తన పేరుతో పట్టికలను ఏలినవాడు మరొకరి ప్రక్కన నిలిచి వాయించడం చిన్నతనమని భావించలేదు. 1968 జనవరిలో క్యాష్ కాలిఫోర్నియాలోని ఫోల్సమ్ కారాగారంలో ఖైదీలకు పాడినప్పుడు, ముందుగా వేదిక ఎక్కి నీలి జోళ్ల పాట వినిపించినది పెర్కిన్సే. క్యాష్‌ది కూడ వ్యసనాలతో పోరాటమే. ఒకరికొకరు కాపలా అయినారు. ఒకనాడు విపరీతంగా త్రాగి ఒళ్లు తెలియని స్థితినుండి తేరుకొన్న పెర్కిన్స్, చివరి సీసా చేతపట్టుకొని పసిఫిక్ సముద్రతీరానికి నడచి, దానిని అలలలోకి విసిరివేసినాడు. ఆ తరువాత అతడు కట్టిన "డాడీ సాంగ్ బేస్" పాటను క్యాష్ పాడగా, 1969 ఆరంభంలో అది ఆరు వారాలపాటు పల్లెపాటల పట్టికలో మొదటి స్థానంలో నిలిచినది. పేదయింటిలో తల్లిదండ్రులు, బిడ్డలు కలిసి భక్తిగీతాలు పాడుకోవడం, పోయినవారిని మరల కలుసుకొంటామన్న ఆశ ఆ పాటలోని విషయం. జేను పోగొట్టుకొన్న తమ్ముడు ఎవరిని తలచుకొని వ్రాసినాడో ఊహించుకోవచ్చును.

1973 లో తమ్ముడు క్లేటన్ కూడ దూరమైనాడు. ముగ్గురు అన్నదమ్ములలో ఒక్కడే మిగిలినాడు. క్యాష్ బృందాన్ని విడిచిన తరువాత కొడుకులు స్టాన్, గ్రెగ్ అతని వెంట నిలిచినారు. ఒకడు డ్రమ్ములు, ఒకడు బాస్. అన్నదమ్ముల బృందం తండ్రీకొడుకుల బృందమైనది. 1981 లో జాక్సన్ పట్టణంలో, ఇళ్లలో హింసకు గురయ్యే పసివారి రక్షణకోసం ఒక సంస్థ ఏర్పడడానికి అతడు తన పేరును, పాటను, శ్రమను ఇచ్చినాడు. అటువంటి ఒక బిడ్డ దుర్మరణవార్త చదివి కలిగిన వేదన దానికి ప్రేరణ. ఆ సంస్థ నేటికీ అతని పేరుమీదనే పనిచేస్తున్నది.

1985 లో లండన్‌లో అతని గౌరవార్థం టెలివిజన్ కచేరీ ఏర్పాటైనప్పుడు జార్జి హారిసన్, రింగో స్టార్, ఎరిక్ క్లాప్టన్ మొదలైనవారు అతని వెనుక నిలిచి వాయించినారు. 1987 లో అమెరికాలోని రాక్ అండ్ రోల్ కీర్తిమందిరంలో అతనికి స్థానం లభించినది. కంఠంలో పుట్టిన కాన్సరును కూడ ఎదుర్కొని పాడినాడు. 1998 జనవరి 19 వ తేదీన, అరువదియైదేండ్ల ప్రాయంలో, పక్షవాతపు దెబ్బలనుండి కోలుకోలేక జాక్సన్‌లోనే కన్నుమూసినాడు. అంత్యక్రియలకు జార్జి హారిసన్ వచ్చినాడు. ఒక గిటారు అడిగి పుచ్చుకొని, పెర్కిన్స్ పాటనే ఒకటి అక్కడ పాడినాడు. 2006 లో అమెరికా ప్రభుత్వ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్, దేశం శాశ్వతంగా భద్రపరచుకోవలసిన శబ్దముద్రణలలో ఒకటిగా "బ్లూ స్వేడ్ షూస్" రికార్డును చేర్చినది. చేర్చినది ప్రెస్లీ రికార్డును కాదు, పెర్కిన్స్ రికార్డును.

ఇక మొదట చెప్పిన సామెతకు వస్తాను. సొమ్ము తనదైనా సోకు మరొకరిదైనదని పెర్కిన్స్ ఏడ్వవచ్చును. ఎందుకు ఏడ్వలేదన్నది నన్ను చాలకాలం ఆలోచింపజేసినది. అందుకు కారణం అంకుల్ జాన్ అరుగుమీద ఉన్నదని నాకు తోచినది. ఆ వృద్ధుడు ఏ రికార్డులోను పాడలేదు. అతని పేరు ఏ పట్టికకూ ఎక్కలేదు. తనకు తెలిసినదంతా ఒక తెల్లపిల్లవానికి ఊరక ఇచ్చివేసినాడు. అతని ఋణం తీర్చే అవకాశం కార్ల్‌కు ఎన్నడూ రాలేదు. అంతటి అప్పు నెత్తిమీద ఉన్నవాడు, తన పాటను మరొకడు పాడినాడని ఎవరిమీద దావా వేస్తాడు? అడిగిన ప్రతివారికీ అతడు అంకుల్ జాన్ పేరు చెప్పినాడు. ఆ పేరు నేడు మనకు తెలియడం అందువల్లనే.

ఈసారి మీ రేడియోలో నీలి జోళ్ల పాట వినిపిస్తే, పాడేది ఎవరైనా సరే, బంగాళాదుంపల సంచిమీద తప్పుల అక్షరాలతో దానిని వ్రాసుకొన్న పత్తిచేని బిడ్డను ఒక్కసారి తలచుకొనండి. అతని వెనుక చీకటిపడిన అరుగుమీద మరొక ముసలి చేయి గిటారు మీటుతూ వినిపించినా వినిపించవచ్చును.